ఒరిగే ఇల్లు

పాటు మొదలైందంటే కరుణమ్మ ఇల్లు వాలడం మొదలుపెడుతుంది. ఏట్లో నీరు సముద్రంలోకి జారిపోతున్నకొద్దీ అడుగు బురదకి తగిలి, ముందు చిన్నగా మూలిగి, ఆనక ఎడమ పక్కకి ఒరిగిపోతుంది. మళ్ళీ పోటు వచ్చి లేవదీసేదాకా ఆవిడ గోడకి చేరబడి కూర్చుని జాకెట్లకి కాజాలు కుట్టుకుంటుంది. అప్పటికే వంట అయిపోయి ఉండాలి. లేకపోతే అన్నం గిన్నె పొయ్యి మీద నిలవదు.

ఇల్లంటే తెరచాప పడవ. భావనపాడు రేవుకి కాస్త ఎగువన, ఏటి ఒడ్డున తాళ్ళతో కట్టి ఉంటుంది. లోపల ఇద్దరికి సరిపోయే మంచం, మడత బల్ల, మనిషి తిరిగేంత వంటిల్లు, గుండ్రటి కిటికీలు. ఎవరో ఫ్రెంచి దొర దేశాలు తిరుగుతూ విశాఖపట్నం వచ్చి, అక్కడ జబ్బుచేసి, పడవని వదిలేసి విమానంలో వెళ్ళిపోయాడట. పోర్టులో టగ్గు పడవ నడిపే సరంగుగా చేసి రిటైరైన జెకర్యా దాన్ని కొన్నాడు. తోటివాళ్ళందరూ పెందుర్తిలోనో గోపాలపట్నంలోనో జాగాలు కొనుక్కుని పునాదులు తీయిస్తుంటే, క్వార్టరు ఖాళీ చెయ్యాల్సిన నెలలో ఈయన భార్యని తీసుకెళ్ళి పడవ చూపించాడు.

"ఇల్లూ ఇదే, ఊరెల్లడమూ ఇదే" అన్నాడు. "బారువ సూత్తావా, కళింగపట్నం సూత్తావా, పూరీ దాకా ఎల్దామా? సెప్పు. నువ్వు వంటింట్లో కూకునే ఎల్లొచ్చు."

"మునిగితే వంటింట్లో కూకునే మునగొచ్చు" అంది కరుణమ్మ.

సొంత ఊరు వైపని పడవని భావనపాడు తీసుకొచ్చింది జెకర్యా, పోర్టులోని స్నేహితుడొకడూ. కరుణమ్మ గిన్నెలూ కుట్టుమిషనూ మూటకట్టుకుని బస్సులో వచ్చింది. అది తొంభై తొమ్మిది వేసవి. టెక్కలి నుంచి పాస్టరు ఆరోన్ గారు గృహప్రతిష్ఠ ప్రార్థనకి వచ్చారు. సంఘస్తులందరూ పడవ ఎక్కి, ప్రార్థన బాగా వినబడాలని పాస్టరు గారున్న పక్కకే చేరేసరికి పడవ ఆ పక్కకి వంగింది. ప్రార్థన సగంలో ఉండగానే అందరూ ఆమేన్ అనేసి ఒడ్డెక్కేశారు. మిగిలిన ప్రార్థన పాస్టరు గారు ఒడ్డు మీదే చేశారు. పడవకి బేతేలు, అంటే దేవుడి ఇల్లు, అని పేరు పెట్టారు.

ఆ ఏడాది ఆవిడ పడవలో సముద్రం మీదికి వెళ్ళలేదు. వచ్చే నెల అంది, క్రిస్మస్ అయ్యాక అంది. తర్వాతి ఏడాదికి మొగ పూడిపోయింది. ఏరు సముద్రంలో కలిసే ఆ సందులో ఇసుక మేట వేస్తే ఊరి పడవలకి ఇబ్బంది లేదు, అవి మోకాలి లోతు నీళ్ళలోనూ జారిపోతాయి. బేతేలు అడుగున మాత్రం, గాలికి బోర్లా పడకుండా పెద్ద సీసపు దిమ్మ వేలాడుతుంది. దానికి నిలువెత్తు నీరు కావాలి. నెలకోసారి జెకర్యా వెదురు గెడ పట్టుకుని మొగ దాకా నడిచి వెళ్ళి, లోతు చూసుకుని వచ్చేవాడు.

"మోకాలే" అనేవాడు, గెడ గోడకి ఆనించి.

"పోనీలే. అన్నానికి రా" అనేది ఆవిడ. లోపల్లోపల హాయిగానే ఉండేది.

రెండేళ్ళ కిందట టెక్కలి బస్సులో, కూర్చున్న సీట్లోనే జెకర్యా పోయాడు. మిషను శ్మశానంలో పెట్టి వచ్చారు. అప్పటినుంచీ ఆరోన్ గారు మిషను కాంపౌండులో గది ఉంది, వచ్చెయ్యమంటారు. కరుణమ్మ ఒకసారి వెళ్ళి ఆ గది చూసింది. తెల్లటి సున్నం, నిటారుగా నాలుగు గోడలు. పక్కగదుల్లో నలుగురు విధవరాళ్ళు. మంచివాళ్ళే. "ఇదిగో, నీ మంచం ఇక్కడేసుకో" అన్నారు. వాళ్ళలా చోటు చూపించడం ఆవిడకి గుచ్చుకుంది. పడవలో ఎవరూ ఆవిడకి చోటు చూపించనక్కర్లేదు. చీకట్లో చెయ్యి చాపితే అగ్గిపెట్టె ఉన్నచోటే చెయ్యి పడుతుంది.

కానీ పడవ పాడైపోతోంది. వానాకాలం జెకర్యా పడుకునే పక్కన పైకప్పు కారుతుంది. అక్కడ కరుణమ్మ సత్తు గిన్నె పెడుతుంది. రాత్రంతా ఆ గిన్నెలో చినుకు పడుతుంటే పక్కన మనిషి ఉన్నట్టూ ఉంటుంది, లేడనీ తెలుస్తుంటుంది.

కిందటేడు విశాఖపట్నం నుంచి తేజ అనే కుర్రాడు వచ్చి పడవంతా తట్టి చూశాడు. కొనుక్కుంటానన్నాడు. ఇక్కడ పెట్టుకుని ఏం చెయ్యను, మొగ తెరుచుకుంటే ఫోన్ చెయ్యండాంటీ అని నెంబరు ఇచ్చి పోయాడు. తెరుచుకోదులే అనుకుని కరుణమ్మ తలూపింది.

ఈ ఏడు దసరా వెళ్ళాక వారం రోజులు వాన కొట్టింది. ఎనిమిదో రోజు పొద్దున్న ఒడ్డు మీంచి రత్నాలమ్మ కేక. చేపలు ఎండబెట్టుకునే మనిషి, ఆ ఒడ్డున కరుణమ్మకి ఉన్న ఒక్క ఇరుగు.

"అప్పా! ఓలప్పా! మొగ తెగిపోనాది! నిలువు మీద పోతన్నాయి నీల్లు. ఆ పిల్లడికి పోను సేత్తావా, నేదా?"

"తెగితే తెగనీ."

"మల్లీ ఇసక కట్టీసిందనుకో, నీ పడవ ఇక్కడే పుచ్చిపోద్ది."

"నేనూ అందులోనే పుచ్చిపోతాను. నీకేటి?"

"నాకేటా? నువ్వు పుచ్చిపోతే నా జాకెట్లు ఎవులు కుడతారు?"

కరుణమ్మ లోపలికి వెళ్ళింది. సత్తు గిన్నె నిండితే ఏట్లోకి ఒంపింది. గిన్నె పెట్టే చోట చెక్కని బొటనవేలితో నొక్కి చూసింది. మెత్తగా లోపలికి దిగింది. అన్నం పలుకు చూసినట్టు ఇంకోచోట నొక్కింది. అక్కడా దిగింది. పాటు రాకముందే వెళ్ళి ఫోన్ చేసి వచ్చింది.

మర్నాడే తేజ వచ్చాడు, భార్యతో. ఆ పిల్ల పేరు సింధూర. అద్దె ఇల్లు వదిలేసి పడవలోనే కాపురం ఉంటారట. తేజ పైన తెరచాప తాళ్ళు విప్పి చూస్తుంటే ఆ పిల్ల లోపల జానలతో మంచం కొలుస్తోంది.

"ఆంటీ, బియ్యం ఎక్కడ పెడతారు?"

"మంచం కింద. తడి తగలదు. పప్పులు మాత్రం సీసాల్లోనే ఉంచుకోవాలమ్మా, డబ్బాలైతే తుప్పు."

"బట్టలు?"

"ఆరేసేది పైన. గాలికి ఎగిరిపోతాయి, రెండేసి క్లిప్పులు పెట్టుకో."

ఒక్కొక్కటీ చెపుతుంటే, ఒక్కో గదీ ఖాళీ చేస్తున్నట్టు ఉంది కరుణమ్మకి.

అంతలో పాటు తగిలింది. ఇల్లు మూలిగింది. "ఇంక వంట అవదమ్మా, సాయంత్రం సేసుకుందాం" అని ఆవిడ గోడకి జారింది. సింధూర ఆకలేస్తోందంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళి కింద చెయ్యి పెట్టి తడిమింది.

"ఈ చెక్కముక్కలేంటాంటీ?"

కిరసనాయిలు పొయ్యికి రెండు పక్కలా జీడి చెక్క ముక్కలు బిగించి ఉన్నాయి. వచ్చిన మొదటిరోజే కరుణమ్మ వాటిని రాయితో కొట్టి దిగ్గొట్టింది. అవి లేకపోతే పొయ్యి ఊగుతుంది. ఊగే పొయ్యి మీద వండుకున్న కాపురం నిలబడదని, ఇటుక మీద ఇటుక పెట్టి పొయ్యి వేసుకునే ఇంట్లో పుట్టిన మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

తేజ వచ్చి చెక్కముక్కలు పీకేశాడు. పడవ అంతా పక్కకి ఒరిగి ఉంది. పొయ్యి మాత్రం తన ఇరుసు మీద మెల్లగా తిరిగి, నిటారుగా వేలాడింది. సింధూర దాని మీద నీళ్ళ గిన్నె పెట్టింది. గిన్నెలో నీరు అంచుకి సమంగా, పళ్ళెంలో పోసినట్టు నిలబడింది.

"అందుకే ఇలా కడతారాంటీ. పడవ ఎటు వంగినా వంట ఆగదు."

కరుణమ్మ ఆ నీళ్ళవైపే చూస్తూ ఉండిపోయింది. జెకర్యా ఒక్కసారి అన్నాడు. ఆ చెక్కలు తీసెయ్యి కరుణా అని. తియ్యనంది. నీ వంటిల్లు నీ ఇష్టం అన్నాడు, మళ్ళీ ఎత్తలేదు. బతికినన్నాళ్ళూ పాటుకి ముందు పెడితే ముందు తిన్నాడు, పోటు వచ్చాక పెడితే అప్పుడు తిన్నాడు. నడిమధ్యాహ్నం ఆకలితో గోడకి ఆనుకుని కూర్చుని, ఏదో పాట కూనిరాగం తీసేవాడు.

ఆ సాయంత్రం తేజతో అంది: "పడవ నీకే ఇచ్చేత్తాను బాబూ. ఒక్కటే. విశాఖపట్నం దాకా నేనూ అందులోనే వత్తాను."

ఒడ్డు మీద రత్నాలమ్మ నోరు వెళ్ళబెట్టింది. "మొగుడుండగా ఎక్కనేదు, ఇప్పుడెక్కుతావా? కొత్త పెల్లికూతురి పక్కన కూకుంటావేటి, మద్దిలో?"

"కూకుంటాను. నీకూ చోటుంది, వత్తావా?"

"నానెల్తే పడవ లెగుద్దా!"

అంటూనే ఎండు నెత్తళ్ళు పొట్లం కట్టి చేతిలో పెట్టింది. పెట్టాక అక్కడ నిలబడలేదు.

మూడోనాటి పొద్దున్న నిండు పోటు. బేతేలు ఇంజను ఎప్పుడో మొరాయించింది కాబట్టి, రత్నాలమ్మ మొగుడు బాబ్జీ తన మోటారు బోటుకి తాడు కట్టి లాగాడు. మొగలో రెండు పక్కలా తెల్లగా నురగ. ఒకచోట అడుగున ఇసుక గీసుకుని పడవ ఆగింది. తేజ పక్కకి వంగి నీళ్ళలోకి చూశాడు.

"వదినా, గట్టిగా పట్టుకో!" అని అరిచాడు బాబ్జీ. వెనకనుంచి ఒక కెరటం వచ్చి పడవని లేపింది. అంతే, కింద గీసుకోవడం ఆగిపోయింది. నీరు రంగు మారింది. బాబ్జీ తాడు వదిలి చెయ్యెత్తి వెనక్కి తిరిగిపోయాడు.

తెరచాప లేచి, గాలి పట్టి, ఇల్లు పక్కకి ఒరిగింది. కరుణమ్మ అలవాటుగా గోడకి జారింది. జారాక తెలిసింది, ఈసారి ఇల్లు ఒరిగి ఆగిపోలేదు. ఒరిగే నడుస్తోంది.

సింధూర రెండుసార్లు కక్కుకుంది. నిమ్మకాయ ఊరగాయ నాలిక మీద పెట్టి పడుకోబెట్టింది కరుణమ్మ. తనకేమీ కాలేదు. అంత భయపడింది, ఏమీ కాలేదు! అది తలచుకుంటే ఎవరిమీదనో తెలియని కోపం వచ్చింది.

"ఆంటీ, కాసేపు ఇది పట్టుకుంటారా? ముందు తాడు సరిచెయ్యాలి" అని చుక్కాని కర్ర చేతికిచ్చాడు తేజ.

కర్ర చేతిలో కొట్టుకుంటోంది. పట్టుకున్న చోట చెక్క నున్నగా అరిగి ఉంది. కుడివైపు ఉద్దానం అంతా ఒకే గీతగా కనబడుతోంది, కొబ్బరిచెట్ల పచ్చగీత, వెనక దూరంగా మహేంద్రగిరి. ఆవిడ బతుకంతా తిరిగిన ఊళ్ళు ఆ గీతలోనే ఎక్కడో ఉన్నాయి. టెక్కలి, పూండి, మిషను కాంపౌండు, ఆయన సమాధి. వేలు అడ్డం పెడితే అన్నీ దాగిపోతాయి. పడవని తీసుకొచ్చిన ఆ ఒక్కసారీ జెకర్యా వీటిని ఇలాగే చూసి ఉంటాడు. ఎలా ఉందో చెప్పబోయాడు కూడా. ఆవిడ కూర తరుగుతూ ఊఁ కొట్టింది.

"ఇప్పుడు సెప్పు" అంది పైకే. తాళ్ళ దగ్గరున్న తేజ వెనక్కి తిరిగి, "ఏమన్నారాంటీ?" అన్నాడు.

"ఏం లేదు బాబూ."

సాయంత్రానికి కళింగపట్నం దీపస్తంభం దాటారు. తెల్లారాక భీమిలి కొండ, ఆ తర్వాత విశాఖపట్నం కనబడ్డాయి. రేవులో తాడు కట్టాక సింధూర చెయ్యి పట్టుకుంది.

"ఇవాళ ఉండిపోండాంటీ. మీ ఇల్లే కదా."

"కాదమ్మా" అంది కరుణమ్మ. కోపంగా అనలేదు. "పప్పులు సీసాల్లో పోసుకో. పైకప్పు బాగుసేయించుకో, ఎడమ పక్కన."

కుట్టుమిషను ముందే టెక్కలి, కాంపౌండులోని గదికి పంపించేసింది. చేతిలో ఒక్క సంచీ. గట్టు మీద కాలు పెట్టగానే తూలింది. నేల ఊగుతోంది. ఆటోలో ఊగింది, స్టేషన్ మెట్ల మీద ఊగింది. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుంటే బెంచీ మెత్తగా లేచి, మెత్తగా దిగింది.

"ఏటమ్మా, అలా తూలిపోతన్నావు? తల తిరుగుతుందేటి?" అంది పక్కన కూరగాయల గంపతో ఉన్న ఆవిడ.

"పడవ దిగి వత్తన్నాను."

"అదా! ఓ పూట కూకుంటే తగ్గిపోద్దిలే."

కరుణమ్మ గబుక్కున ఆవిడ వైపు చూసింది. ఈ ఊగడం తగ్గిపోతుందని తనకి అప్పటిదాకా తట్టలేదు. రైలెక్కితే ఆ కుదుపులో ఇది కలిసిపోతుంది. టెక్కలి కోసం నౌపడాలో దిగేసరికి ఏదీ మిగలదు. ఆ తర్వాత నిటారు గోడల గది.

పలాస పాసింజరు వచ్చింది. జనం తోసుకుంటూ లేచారు. కూరగాయలావిడ గంప నెత్తినెత్తుకుని తిరిగి చూసింది.

"ఇదే బండి, రా! సోటు పడతాను."

"నువ్వెల్లమ్మా. నేను తర్వాతది ఎక్కుతాను."

"తర్వాతది సాయంత్రమే!"

"పర్లేదు."

బండి కదిలింది, పెట్టెలన్నీ ఒకటొకటిగా దాటిపోయాయి. ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. కరుణమ్మ చెప్పులు విడిచి, అరికాళ్ళు సిమెంటు నేలకి ఆనించి, కళ్ళు మూసుకుంది. బెంచీ ఇంకా ఊగుతోంది, ఇందాకటి అంత కాదు, కొంచెంగా.