సగం గెడ

నేను ఒక వెదురు గెడను. నిజం చెప్పాలంటే సగం గెడను. ధవళేశ్వరం నుంచి కాకినాడ వెళ్లే కాలువలో, ఒక పాత వంతెన దాటాక, నీళ్ల మధ్య నిలబడి ఉన్నాను. వంతెన మీద నుంచి చూస్తే ఎవరో పాతిన గుంజ అనుకుంటారు. నన్నెవరూ పాతలేదు. వదిలి వెళ్లారు.

మన్యంలో కొట్టి, తెప్పగా కట్టి, గోదావరి మీద నన్ను దించారు. నాతో ఒకే పొదలో పెరిగినవి చాలా ఉన్నాయి ఆ తెప్పలో. కట్లు విప్పిన పూటే విడిపోయాం. ఏది నిచ్చెన అయిందో, ఏది తడిక అయిందో నాకు తెలియదు. నన్ను తాతబ్బాయి అనే పడవ నడిపే సరంగు ఏరుకున్నాడు. సెగ మీద వంకర తీసి, ఆముదం పట్టించి, కింది కొసకు ఇనప పొన్ను తొడిగాడు.

ఆయనది పెంకులు మోసే పడవ. గాలి ఉంటే తెరచాప, లేకపోతే నేను. పడవ ముందు కొసన నిలబడి నన్ను కాలువ అడుగుకు దించుతాడు. పై కొసను భుజానికి ఆనించుకుని, పడవ అంచు వెంట వెనక్కి నడుస్తాడు. మనిషి వెనక్కి నడిస్తే పడవ ముందుకు పోతుంది. రోజంతా నడిచినా ఆయన ఆ పడవ దాటి వెళ్లడు, సాయంత్రానికి మాత్రం నాలుగు ఊళ్లు వెనకబడి ఉంటాయి. మనుషుల పనుల్లో నాకు అన్నిటికంటే వింతగా తోచింది ఇదే.

చుక్కాని దగ్గర ఆయన భార్య నూకరత్నం కూర్చునేది. ఆవిడకు నేనంటే భయం. ఆవిడ అన్నయ్య బురదలో దిగబడిన గెడను వదలక, దాన్నే పట్టుకుని వేలాడి, నీళ్లలో పడి తన పడవ కిందే పోయాడట. అందుకని కాపురానికి వచ్చిన మొదటి రోజే మొగుడి చేత ఒట్టు వేయించుకుంది.

"ఇరుక్కుంటే వదిలెయ్యాలి. గెడ పోతే ఇంకో గెడొత్తాది. నువ్వు పోతే నాకెవడొత్తాడు?"

"ఎవడోకడు రాకపోతాడేంటి."

"నీ నోట్లో బురద పడ!"

ఆయన మాట తప్పలేదు. నేను దిగబడిన ప్రతిసారీ చెయ్యి వదిలేసేవాడు. పడవ వెళ్లిపోయేది, నేను కాలువ మధ్యలో నిలబడిపోయేదాన్ని. పడవ చిన్నదైపోతూ ఉంటే చూడటం నాకెప్పటికీ అలవాటు కాలేదు. ఈసారి రారేమో అనిపించేది. కాసేపటికి పడవ ఒడ్డుకు కట్టి, నూకరత్నమే గట్టు వెంట నడిచివచ్చి నీళ్లలో దిగేది. అటూ ఇటూ ఊపి నన్ను పైకి లాగి, "భయపడ్డావేంటే?" అని అడిగేది. నన్నడిగేదో, తననే అడుక్కునేదో.

వాళ్లింట్లో ఒక ఆనవాయితీ ఉండేది. సరంగు పోతే పాడెకు ఒక పక్క అతని గెడనే కడతారు. తాతబ్బాయికి అది వేళాకోళం. "నాకు మటుకు ఇదే కట్టండి. కొత్త వెదురెక్కితే జారిపోతాను," అనేవాడు. నవ్వుతూ అన్నా, ఆయన కోరింది ఆ ఒక్కటే.

తరవాత రోడ్డు మీద లారీలు వచ్చాయి. పడవలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. తాతబ్బాయికి ఆయాసం పట్టుకుంది. ఒక వేసవిలో కాలువ కట్టేస్తున్నారని కబురు వచ్చింది. నీళ్లు తీసేలోగా కింది లాకు తలుపులు దాటి నీళ్లు నిలిచే చోటికి చేరకపోతే పడవ బురదలో కూర్చుంటుంది, ఎండకు పలకలు విచ్చిపోతాయి. తొందరగా వస్తున్నాం. ఈ వంతెన దాటి తెరచాప ఎత్తగానే గాలి ఒక్కసారి అందుకుంది. అప్పుడే నేను ఎన్నడూ లేనంత లోతుకు దిగబడ్డాను.

"వదిలెయ్యయ్యా!" అని ఆవిడ కేక.

ఆయన వదిలేశాడు.

"ఆపుతావా? ఎళ్లి తెత్తాను."

"లాకు మూసేత్తారే. నీళ్లు తీసేసాక నడిచొచ్చి పట్టుకెల్దాం. పారిపోటానికి దానికేమన్నా కాళ్లున్నాయా?"

మలుపు తిరిగేదాకా ఆవిడ వెనక్కి చూస్తూనే ఉంది.

నీళ్లు దిగిపోయాయి. బురద ఎండి పగుళ్లిచ్చింది. ఎవరో నాకు గేదెను కట్టేశారు. గట్టు మీద ఏ అడుగు వినపడినా ఆవిడదే అనుకున్నాను.

ఇరవై రోజుల తరవాత ఒక ఉదయం ఆవిడ వచ్చింది. వెంట అక్క కొడుకు అన్నవరం, గునపంతో. జుట్టు ముడి వేసుకోలేదు. "భయపడ్డావేంటే" అని అడగలేదు. నాకు అర్థమైంది.

అటూ ఇటూ ఊపింది. నేను కదల్లేదు. అన్నవరం తవ్వాడు, గునపం వంగింది గానీ మట్టి వంగలేదు.

"పిన్నీ, ఇది రాదు. అక్కడందరూ కూసునున్నారు. వేరే వెదురు కడదాం, వదిలెయ్."

"కొత్తదెక్కితే జారిపోతానన్నాడ్రా మీ బాబాయి."

"పోనీ నరికేత్తాను."

ఆవిడ ఆయన భుజం రాసుకుని నున్నబడిన చోటు మీద చెయ్యి పెట్టింది. అక్కడి నుంచి మెల్లగా కిందికి తడుముకుంటూ వచ్చి, ఆయన చేతులు ఎప్పుడూ తగలని గరుకు దగ్గర ఆగింది.

"ఇక్కడ నరుకు," అంది.

నరికాక అన్నవరం పై సగాన్ని భుజాన వేసుకున్నాడు. ఆవిడ చెయ్యి మాత్రం నా మీదే ఉంది.

"వదిలెయ్ పిన్నీ, పొద్దెక్కిపోతంది."

వదిలేసింది. గట్టెక్కి వెళ్లిపోయింది. ఈసారి వెనక్కి చూడలేదు.

ఆయన్ని ఎరిగిన సగం ఆయనతోనే కాలిపోయింది. నాకు మిగిలింది పొన్నూ, బురదా. మళ్లీ నీళ్లు వదిలారు, పడవలు మాత్రం రాలేదు. ఒక లకుముకి పిట్ట వచ్చి వాలుతుంది, చేప దొరగ్గానే ఎగిరిపోతుంది.

ఎన్నో వేసవులు గడిచాయి. పారే నీరు నా చుట్టూ ఉన్న మట్టిని కొంచెం కొంచెంగా తీసుకుపోయింది. ఈ మధ్య చిన్న అలకే కదులుతున్నాను. ఇప్పుడు ఆవిడ వచ్చి ఒక్కసారి ఊపితే చాలు, వచ్చేస్తాను.