పలకని పటం

యెషయా మౌస్‌ను తెర మీది పటంలో ఒక చుక్క మీదికి జరిపాడు. చుక్క ఉబ్బి, బండి ఆత్మకూరులో మొలవని శనగ విత్తనాల లెక్క చూపింది. లెక్కలూ, రాతా, కదిలే పటమూ ఒకే పేజీలో నడిచే ఈ కంప్యూటర్ నోట్‌బుక్‌ను నంద్యాలలోని ఆ విత్తనాల కంపెనీలో ఇంకెవరూ చేయలేరని అతని నమ్మకం. వంగిన వీపు, జిడ్డు పట్టిన కళ్లద్దాలు. ఎవరినీ తలెత్తి చూసేవాడు కాదు. చూడదగ్గవాళ్లు అక్కడ లేరు.

"బొమ్మ భలే ఉబ్బుతాందే అప్పా!" అన్నాడు అటెండరు మౌలా సాహెబ్, టీ పెడుతూ.

"నీకేం తెలుస్తాదిలే. పెట్టి పో."

ఆళ్లగడ్డ ఆఫీసులో కంపెనీ పెద్దసారు ముందు ఈ పటం కదిలితేనే యెషయా కొలువు ఇంకో ఏడాది నిలుస్తుంది. లెక్కలు కాగితం మీద కూడా తీసుకురమ్మన్నాడు మేనేజరు నారాయణ.

"కాయితం మీద సుక్క ఉబ్బుతాదా సార్?" అని జాలిపడ్డాడు యెషయా.

నిజానికి పటం పేజీలో లేదు. పేజీలో ఒక కిటికీ పెట్టాడంతే. ఈ గదిలోని కంప్యూటర్ నడుస్తున్నంతసేపూ అందులో పటం కనబడుతుంది. పటాన్ని పేజీలోనే పొదగవచ్చు. అది చేతకానివాళ్ల పద్ధతని అతని అభిప్రాయం. కంప్యూటర్ ఆపొద్దని మౌలా సాహెబ్‌తో అందామనుకుని, వాడికి చెప్పేదేమిటని బస్సెక్కాడు.

ఆళ్లగడ్డలో, అక్కడి కంప్యూటర్‌లో పేజీ తెరిచాడు. లెక్కలొచ్చాయి. పటం చోట తెల్లటి పెట్టె.

"ఏందప్పా, సున్నం గోడ సూపిచ్చేదానికి ఇంతదూరం వచ్చినావా?" అన్నాడు పెద్దసారు. అందరూ నవ్వారు.

యెషయా బయటికొచ్చి ఫోన్ చేశాడు. "కంప్యూటర్ ఆపినావా?"

"ఆపినాలే. రోజూ నేనే గదప్పా ఆపేది! నువ్వు అట్లే ఇడిసిపెట్టి పోతావు, కాలిపోతాదని."

నోటిదాకా వచ్చిన తిట్టు ఎందుకో అక్కడే ఆగింది. లోపల పెద్దసారు అప్పటికే నారాయణ తనే అచ్చువేయించి తెచ్చిన లెక్కల కాగితాలు తిరగేస్తున్నాడు.

తిరుగుబస్సులో నారాయణ, దుమ్మొస్తోంది కిటికీ మూయమన్నంత మామూలుగా, రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు. యెషయా కిటికీ వైపే చూశాడు.

టిఫిన్ బాక్సు కోసం ఆఫీసు గదికి వెళ్లాడు. బల్ల మీద, కీబోర్డుకూ మౌస్‌కూ దుమ్ము పట్టకుండా, ఉతికిన గళ్ల తువ్వాలు కప్పి ఉంది. రోజూ పొద్దున్నే దాన్ని లాగి కుర్చీ మీద పడేసేవాడే గాని, ఎవరు కప్పుతున్నారని ఏనాడూ అనుకోలేదు. జారిన మూలను సర్ది, బాక్సు తీసుకుని వెళ్లిపోయాడు.

తువ్వాలు కింద మౌస్ ఒక్కటే, చిన్న చుక్కలా ఉబ్బి ఉంది.