ఆ సీసాలో తగ్గిన నీళ్లు

నా కూతురు కుసుమ బడి నుంచి నీళ్ల సీసా నిండుగానే వెనక్కి తెస్తుందేమోనన్నది నాకున్న భయాలన్నిటిలోకీ పెద్దది. నాలుగింటికి సంచీ దించగానే ముందు సీసా ఊపి చూస్తాను. నిండుగా ఉంటే ఎందుకు తాగలేదని నిలదీస్తాను. దానికి ఏడేళ్లు. "బాత్రూంకి గడియ లేదమ్మా, అందుకే తాగనేదు" అంటుంది, అదేదో తెలివైన పని చేసినట్టు.

మా ఇంట్లో ఇంకో సీసా ఉండేది. నా ఆడపడుచు మధులతది. కానిస్టేబుల్. పొద్దున్నే నింపేదాన్నీ నేనే, సాయంత్రం తన ఖాకీ బట్టలతో పాటు కడిగేదాన్నీ నేనే. బందోబస్తు రోజున మాత్రం ఎలా ఇచ్చిన సీసా అలాగే తిరిగొచ్చేది. "పన్నెండు గంటలు రోడ్డు మీద నిలబడాల వదినా. మగోలు ఏదో గోడ సూసుకుంతారు. నానెక్కడికెల్తాను?" అని నవ్వేది. రెండుసార్లు మూత్రంలో మంటతో జ్వరం తెచ్చుకుంది. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నేను, నీళ్లు తాగకే ఈ మంట అని ఆస్పత్రి నర్సు చెప్పిన ఒక్క మాట పట్టుకుని తన వెంటపడ్డాను. నాకు దేనికైనా కంగారే. "దీనికి తిండి నేకపోయినా పర్నేదు, బయముంటే సాలు" అంటుంది మా అత్త.

ఏప్రిల్‌లో ఎవరో పెద్దాయన కాన్వాయ్ వస్తుందని మధులతని పరవాడ రోడ్డు మలుపులో వేశారు. తెల్లారి బయల్దేరుతుంటే గుమ్మంలో ఆపి, మధ్యాహ్నంలోగా సగం సీసా తాగుతానని కుసుమ మీద ఒట్టు వేయించుకున్నాను. ఒంటిగంటన్నరకి ఫోన్ చేసింది.

"తాగీసేను వదినా, నీ గోల పడనేక. ఇప్పుడు కాలు మీద కాలేసుకుని నిల్సున్నాను. రోడ్డవతల ఒకిల్లుంది, అడిగొత్తాను."

నేను నవ్వాను. కంచాలు కడుగుతూ నవ్వాను.

ఆ రోడ్డు దాటుతుంటేనే టిప్పర్ లారీ గుద్దేసింది.

సాయంత్రం ఎస్సై గారు వచ్చి మా ఆయన్ని పక్కకి పిలిచారు. "లారీని ఆపబోయిందని రాశామయ్యా. మీరూ అలాగే చెప్పండి, గౌరవంగా ఉంటుంది." ఆయన మంచి మనసుతోనే అన్నారు. మా అత్త ఏడుపు మధ్యలోంచే నా వైపు తిరిగింది. "ఒంటేలుకెల్లి పోయిందని నలుగురికీ సెప్పుకుంతామేటే? నోరు మూసుకో." పదకొండో రోజున నేను వంటిల్లు తుడుస్తుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి, "నీల్లు తాగమని నువ్వే కదా ఒట్టేయించేవు" అని వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఆయనకు అన్నం పెట్టే ప్రతిసారీ ఆ మాట కూడా వడ్డించుకుంటున్నట్టే ఉంటుంది. మధులత సామాన్లతో వచ్చిన సీసా సగానికి తగ్గి ఉంది. ఆ మిగిలిన నీళ్లు నేనింకా పారబొయ్యలేదు.

అక్టోబరులో, పోలీసు అమరుల దినం నాడు మమ్మల్ని ముందు వరుసలో కూర్చోబెట్టారు. మధులత ఫొటో కింద "దూసుకొస్తున్న వాహనాన్ని ఆపుతూ" అని రాసి ఉంది. శాలువా మా ఆయనకి కప్పారు. ట్రేలో నీళ్ల గ్లాసులు పట్టుకుని ఓ కానిస్టేబుల్ పిల్ల వచ్చింది. పేరు అనూరాధ. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి.

"నువ్వు తాగావా అమ్మా?"

"డ్యూటీలో తాగమండి. ఇక్కడయ్యాక మలుపు కాడికెల్లాల. మధులతక్క ప్లేసులో నన్నే ఏసేరు."

ఆరు నెలలుగా నీళ్లిచ్చి చంపానని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. ఆ గ్లాసు చేతిలో ఉండగానే ఆ తిట్టు ఆగిపోయింది. బాత్రూం లేని అదే మలుపులో ఇప్పుడు ఇంకో పిల్లని నిలబెడుతున్నారు. ఎండలో నిలబడి నీళ్లు తాగింది మధులత. అందులో ఏ తప్పూ లేదు, తన వైపు నుంచి గానీ, నా వైపు నుంచి గానీ. మర్నాడు ఒక గడియ కొని కుసుమ బడికి వెళ్లాను. వడ్రంగి వచ్చి దాన్ని బిగించేదాకా అక్కడే నిలబడ్డాను.

ఇది రాయొద్దని మా ఇంట్లో అన్నారు. రాస్తున్నాను. మధులత లారీని ఆపలేదు. బాత్రూం కోసం రోడ్డు దాటింది. అదీ డ్యూటీయే.

మీరు పరవాడ వైపు వెళ్తే ఆ మలుపులో అనూరాధ నిలబడి ఉంటుంది. ఒక్క నిమిషం ఆగి తన సీసా చూడండి. నిండుగా ఉంటే తాగమని చెప్పండి. తర్వాత మీరే చెయ్యెత్తి బళ్లు ఆపి, తనని రోడ్డు దాటించండి.