మెల్లగా ఎక్కాల్సిన మందు

శ్రీశైలానికి ఆలస్యమంటే గిట్టదు. సాగర్ రోడ్డు మీద ప్లాట్లు అమ్ముకునే మనిషికి ఎందుకు గిట్టాలి? ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల జొన్న కోయకముందే చేనులో హద్దురాళ్లు పాతించి, మొక్క నాటకముందే పార్కు పేరు చెప్పి అమ్మేసిన ఘనుడతడు. అలాంటివాడి తల్లి సత్తమ్మకు కాలిలో ముల్లు దిగింది. షుగరు తోడై పుండు చీము పట్టింది. ఆ విషం నెత్తుటిలోకి పాకి చలిజ్వరం పట్టుకుంది. ఆమెను ప్రైవేటు దవాఖానలో చేర్పించి డాక్టరమ్మ మంజులతో అతడు అన్న మొదటి మాట ఇది.

"మేడం, మీ దగ్గరున్న అన్నిట్లకన్న పెద్ద సూది వెయ్యుండ్రి. ఎల్లుండికి అమ్మ ఇంట్ల ఉండాలె."

పెద్దదా చిన్నదా అని కాదు, ఏ క్రిమి పట్టిందో చూసి మందు వేయాలని ఆవిడ చెప్పింది. చీమును పరీక్షకు పంపి, అప్పటికి ఒక మందు మొదలుపెట్టింది. జ్వరం తగ్గలేదు. ఫలితం వచ్చాక సంగతి తెలిసింది. తుమ్మినా దగ్గినా ఊళ్లో వేయించుకున్న సూదుల పుణ్యమా అని చాలా మందులకు ఆ క్రిమి లొంగడం లేదట. సత్తమ్మకు పనికొచ్చేది వాంకోమైసిన్ ఒక్కటే మిగిలింది.

నర్సు స్తుతి ఆ మందును సెలైన్ బాటిల్‌లో కలిపి ఎక్కించింది. గొట్టం మీద ఉండే చిన్న చక్రాన్ని సరిచేసి, చుక్కలు చూసుకుని, శ్రీశైలానికి చెప్పింది.

"దీన్ని ముట్టొద్దన్నా. గంటకు పైననే మెల్లగ పోవాలె. జల్ది పోతే పానం మీదికొస్తది."

అతడు తల ఊపాడు. ఎవరేం చెప్పినా తల ఊపడం అతని వృత్తిలో భాగం.

అంతలో పరామర్శకు జనం దిగారు. మన దగ్గర రోగిని చూడటానికి ఒక్కరుగా పోతే మర్యాద కాదు. అతని ప్లాట్ల వెంచర్‌లో పనిచేసే వాళ్లంతా కొబ్బరిబోండాలు, బ్రెడ్డు ప్యాకెట్లతో మంచం చుట్టూ నిలబడ్డారు. ప్రతివాడూ ఓ డాక్టరే. శ్రీశైలానికి మాత్రం ధ్యాస ఇక్కడ లేదు. నాదర్‌గుల్ దగ్గర సైటు చూడటానికి వచ్చిన కస్టమర్ ఫోను మీద ఫోను చేస్తున్నాడు.

"గిదేంది, బందైన నల్లా లెక్క పడుతుంది?" అని బొటనవేలితో చక్రం తిప్పేశాడు. చుక్కలు పోయి ధార మొదలైంది. "ఇప్పుడు పోతుంది సూడుండ్రి!"

కాసేపటికి సత్తమ్మ ముఖం ఎర్రబడింది.

"సూసినవా అన్నా, మొఖంల కళ ఎట్లొచ్చిందో!" అన్నాడొకడు. శ్రీశైలం ఫోటో తీసి వెంచర్ గ్రూపులో పెట్టాడు. దండం బొమ్మలు వర్షంలా కురిశాయి. ఎరుపు మెడ మీదికి, రొమ్ము మీదికి దిగింది.

"దురద పెడ్తుంది బిడ్డా. కండ్లు తిరుగుతున్నయ్."

"మందు పట్టుకుంటుందమ్మా, జర ఓర్చుకో."

పక్క మంచం మీది వజీర్ బీ ఇదంతా మొదటి నుంచీ చూస్తూనే ఉంది. ఇక ఆగలేక అరిచింది. "ఓ సిస్టర్! జల్ది రా! ముసలామె పడిపోతుంది!"

స్తుతి చెప్పుల చప్పుడు వినబడగానే శ్రీశైలం చక్రాన్ని మళ్లీ వెనక్కి తిప్పేశాడు. దేనికైనా చురుకైనవాడే.

సెలైన్ ఆపారు. బీపీ బాగా పడిపోయింది. కాళ్లు పైకెత్తి, వేరే సూది వేసి, డాక్టరమ్మ చెమటలు కక్కుతూ ఆమె ప్రాణం నిలబెట్టింది. ఆ తర్వాత అందరివైపూ తిరిగింది.

"ఎవరన్నా చక్రం తిప్పిన్రా? తిప్పితే చెప్పుండ్రి, నేనేం అనను. మెల్లగ ఇస్తే ఈ మందు మళ్ల ఇయ్యొచ్చు. తిప్పకుండనే గిట్లయిందంటే ఆపెయ్యాలె. ఆపితే కాలు దక్కుతదో లేదో తెల్వదు. పానం సంగతి గూడ నేను చెప్పలేను."

శ్రీశైలం చుట్టూ చూశాడు. తన మాటను వేదంగా నమ్మే మనుషులు. వాళ్ల ముందు తప్పు ఒప్పుకోవడమా?

"మేమెవ్వరం ముట్టలే. మీ సిస్టరే ఎట్లనో పెట్టింది. గిట్ల రియాక్షన్లు చేసి సంపుతరా? ఇప్పుడే గేటు ముందు ధర్నాకు టెంట్ ఏపిస్త!"

టెంట్ మాట వినగానే వచ్చినవాళ్లలో ప్రాణం లేచొచ్చింది. ఒకడు అప్పుడే టెంట్‌హౌసుకు ఫోను కలుపుతున్నాడు. స్తుతి కళ్లలో నీళ్లు తిరిగాయి. తల్లి ప్రాణం కన్నా తన పరువు బరువనుకునే మనిషిని ఏమనాలి? నాకైతే తిట్టు కూడా దొరకడం లేదు.

"గీ పోరడే..." అంటూ వజీర్ బీ లేచి కూర్చోబోయింది. సత్తమ్మ ఆమెవైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"నేనే తిప్పిన మేడం," అంది సత్తమ్మ. "జల్ది అయిపోతే ఇంటికి పోవచ్చని తిప్పిన. ఆ పిల్ల తప్పేం లేదు."

డాక్టరమ్మ ఆ ముసలి చేతిని, దానికి అందనంత ఎత్తులో ఉన్న చక్రాన్ని చూసింది. కొడుకును చూసింది. ఇంకేమీ అడగలేదు.

శ్రీశైలం మాత్రం అందరికీ వినబడేలా తల్లిని కసురుకున్నాడు. "గంత తొందరేందే అమ్మా నీకు? చెప్తే ఇనవా?"

"ముసలోళ్లు గట్లనే అన్నా," అని జనం సానుభూతి చూపించారు, కొడుక్కి.

సత్తమ్మ కాస్త కుదుటపడ్డాక స్తుతి అదే మందును మరింత మెల్లగా మొదలుపెట్టింది. ఆమె అటు తిరగ్గానే సత్తమ్మ కొడుకును పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఖాళీగా ఉన్న చేత్తో అతని కుడిచెయ్యి పట్టుకుంది. జేబులో ఫోను మోగింది. అతడు చెయ్యి లాక్కోబోతే ఇంకా గట్టిగా పట్టుకుంది.

"అయిపోయేదాంక ఉండు బిడ్డా."

చూస్తున్నవాళ్ల మనసులు కరిగిపోయాయి. "తల్లి పానమంత కొడుకు మీదనే ఉంది," అని ఒకడు ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. మళ్లీ దండాలు కురిశాయి.

సత్తమ్మ అవేవీ చూడలేదు. కొడుకు బొటనవేలును గుప్పిట్లో బిగించి, పడుతున్న ఒక్కో చుక్కనూ చూస్తూ పడుకుంది.