అనంతమ్మ వేలిముద్ర

శంషాబాద్‌లో విమానాశ్రయం రోడ్డు మలుపు దగ్గర అనంతమ్మ పొయ్యి పొద్దున ఆరింటికల్లా అంటుకునేది. ఏడయ్యేసరికి క్యాబ్ డ్రైవర్లు, సామాన్లు మోసేవాళ్లు వచ్చి ముందర నిలబడేవారు. వేడినీళ్లతో పిసికిన జొన్నపిండిని పీట మీద పెట్టి కుడి అరచేత్తో తట్టుకుంటూ తిప్పుతుంటే రొట్టె దానంతటదే గుండ్రంగా పెరిగేది. కర్రతో ఒత్తినదాన్ని ఆమె రొట్టె అనదు. "అది అప్పడం" అంటుంది.

ఆ చేతికి ఇంకో పేరు కూడా ఉంది. ఆమె బొటనవేలి ముద్ర అబద్ధపు కాగితం మీద నిలవదు. సిరా ఆరకముందే కాగితం దిగి, నడిచొచ్చి, మళ్లీ ఆమె వేలెక్కి కూర్చుంటుంది. అత్తకు అరవై అయిదు నిండాయని పింఛను కాగితం రాయించి సాక్షి ముద్ర వేయిస్తే దిగొచ్చేసింది. ఆ మహాతల్లి కోడలిని తిట్టుకుంటూ ఇంకో ఏడేళ్లు ఆగాల్సొచ్చింది. పెళ్లికొడుకు కల్లు ముట్టడని రాసిన కాగితం మీద నిలవకపోయేసరికి మహేశ్వరం సంబంధం ఒకటి తప్పిపోయింది. సంతకం నేర్పిస్తామని వయోజన విద్య వాళ్లు వస్తే ఊరి పెద్దలే అడ్డుపడ్డారు. సంతకం ఎవడైనా పెడతాడు, ఇలాంటి ముద్ర ఎక్కడ దొరుకుతుందని వాళ్ల బాధ. తన దగ్గర అబద్ధం నిలవదని అనంతమ్మకు మహా గర్వం. అది కాస్త తలకెక్కిందనే చెప్పాలి.

2012 వానాకాలంలో ఒక పొద్దున, వెనక్కి తీస్తున్న క్యాబు ఒకటి ఆమెను గుద్దింది. పిండి గిన్నె బోర్లపడింది. అనంతమ్మ కుడిచెయ్యి నేలకు ఆనించి పడిపోయింది. మోచెయ్యి దోక్కుపోయింది. డ్రైవర్ అరీబ్ పరుగున దిగొచ్చాడు. ఇద్దరు పిల్లల తండ్రి, రోజూ ఆమె దగ్గర రొట్టె తినేవాడే.

"మాఫ్ జెయ్యమ్మా! రెండు రోజులాయె పండుకోక. ఓనర్ ఇంటికి పోనిస్తలేడు. కన్ను మూసుకపోయింది."

"ఏం కాలే బిడ్డా. పో, నీ గిరాకీ చూస్కో పో," అంది అనంతమ్మ, చీరకు అంటిన పిండి దులుపుకుంటూ.

ఆ మాట అక్కడ అందరూ అంటారు. కాలు విరిగినవాడు కూడా ముందు "ఏం కాలే" అని, ఆ తర్వాతే దవాఖానకు పోతాడు. ఎదుటి మనిషిని పరేషాన్ చేయకూడదన్న మర్యాద అది.

తెల్లారేసరికి మణికట్టు బూరెలా ఉబ్బింది. ఎముక విరగలేదు గానీ బాగా బెణికిందని, నెల రోజులు చెయ్యి కదపొద్దని దవాఖానలో పట్టీ కట్టి పంపారు.

పొయ్యి ఆరిన నాలుగో రోజున కొడుకు మహేష్ సోమయ్యను వెంటబెట్టుకొచ్చాడు. సోమయ్య యాక్సిడెంట్ కేసులు వెతికి వకీళ్లకు అప్పజెప్పే మనిషి. ఎవరి కాలో చెయ్యో విరిగితే తప్ప ఆయన ఇంట్లో కూర ఉడకదు. కాగితం ముందే రాసి తెచ్చాడు.

"అక్కా, చెయ్యి ఇరిగింది, మల్ల పనికిరాదని రాసిన. డ్రైవర్ తాగిండని గూడ రాసిన. గట్లయితేనే కేసు గట్టిగుంటది."

"చెయ్యి ఇరగలే. ఆ పిల్లగాడు తాగలే. నా ముద్ర సంగతి నీకు ఎర్కలేదా?"

అయినా ముద్ర వేసి చూపించింది. అది సోమయ్య చేతి మీదుగానే నడిచి తిరిగొచ్చింది. ఆయన చెయ్యి జాడించుకుని లేచాడు. అనంతమ్మ మీసం లేని లోటు తప్ప, మెలేసినంత పని చేసింది.

మర్నాడు తుక్కుగూడ నుంచి కారు ఓనరు ముత్తయ్య వచ్చాడు. ఒక చేతిలో పళ్ల సంచి, వెనకాల అరీబ్. ఆయన కాగితంలో రెండే ముక్కలున్నాయి: నాకు ఏమీ కాలేదు, పరిహారం అడగను.

"ఏం కాలే అని నువ్వే అన్నవంట గదమ్మా. నీ మాటంటే ఊరంత నమ్ముతది. కేసు పెడితే మాత్రం ఇగ ఈ అరీబ్ నౌకరి ఉండదు."

"వద్దమ్మా," అన్నాడు మహేష్. "నెల రోజులు పొయ్యి అంటుకోకుంటే మనం ఏం తినాలె?"

అనంతమ్మ అరీబ్ ఎర్రటి కళ్లు చూసింది. అన్న మాట మింగే మనిషి కాదు తను. పట్టీ కట్టిన చేతిని ఎడమ చేత్తో పట్టుకుని వేలు ఒత్తింది.

ముద్ర కాసేపు కాగితం మీద తచ్చాడింది. తర్వాత దిగొచ్చేసింది.

మళ్లీ ఒత్తింది. మళ్లీ వచ్చింది. మూడోసారి కాగితానికి అంటనే లేదు.

అనంతమ్మకు సిగ్గుతో ముఖం కాలింది. ఇన్నేళ్లూ ఊరి అబద్ధాలు పట్టిన వేలు ఇవాళ ఆమె అబద్ధమే పట్టింది. చెయ్యి సలుపుతూనే ఉంది, ఆమె ఏం కాలే అంటూనే ఉంది. పెనిమిటి చనిపోయిన ఏడాది కూడా పలకరించిన వాళ్లందరికీ ఆ మాటే చెప్పి పంపింది. అదంతా గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఆ వెంటనే తన వేలి మీద ఎక్కడలేని ప్రేమొచ్చింది. నిజంగానే ఏం కాలేదా అని, కన్నకొడుకు కూడా అడగని మాట అదొక్కటే అడిగింది.

"మహేషూ, తెల్ల కాగితం తే. నేను చెప్త, నువ్వు రాయి. కారు గుద్దింది. నాకు దెబ్బ తాకింది. చెయ్యి బెణికింది, ఇరగలే. నెల దినాలు రొట్టె చెయ్యరాదు. ఆ నెల కష్టం, దవాఖాన ఖర్చు నాకు రావాలె. అంతకుమించి ఒక్క రూపాయి వద్దు. డ్రైవర్ తాగలే. రెండు రోజులు నిద్రలేకుండ ఓనరే నడిపిచ్చిండు. రాసినవా?"

ముత్తయ్య కుర్చీలోంచి లేచాడు. "గదంతా ఎందుకమ్మా?"

"కూసో. అబద్ధమైతే ముద్రే దిగుతది. అరీబ్‌ను తీసేస్తివా, ఈ కాగితం ఠాణకు పోతది."

వేలు ఒత్తింది. నలుగురూ కాగితం మీదికి వంగి చూశారు. సిరా ఆరింది. ముద్ర కదల్లేదు సరికదా, కాగితంలోంచి ఇంకి, కింద పెట్టుకున్న రొట్టెల పీట మీద కూడా పడింది. ఆ ముద్ర మీద పేచీ పెట్టి నెగ్గుతాననే ఆశ ముత్తయ్యకు లేదు. వారం తిరక్కుండా రాసినదంతా ఇచ్చుకున్నాడు. అప్పటి నుంచి ఆయన డ్రైవర్లు డ్యూటీ దిగి ఇళ్లలో పడుకుంటున్నారు.

నెల తర్వాత పొయ్యి అంటుకున్న పొద్దున అందరికంటే ముందు అరీబ్ వచ్చాడు. కళ్లు తేటగా ఉన్నాయి.

"చెయ్యి ఎట్లుందమ్మా?"

"ఏం కా..." అనబోయి అనంతమ్మ ఆగింది. తలెత్తి అతని కళ్లలోకి చూసింది.

"జర నొస్తుంది బిడ్డా. కూసో, నిమ్మలంగ చేస్త."

తట్టిన రొట్టెను పెనం మీద వేసింది. దాని అంచున బొటనవేలి ముద్ర ఉంది. రొట్టె పొంగి, కాలి, అరీబ్ పళ్లెంలోకి వెళ్లేదాకా అది ఉన్నచోటే ఉంది.