పదకొండు క్షమాపణలు

“నీకు ఆ లాప్‌టాప్‌తో పనేముంటుంది గనక? మా తమ్ముడికైతే ఆఫీసులో అక్కరకొస్తుంది. ఏడింటికి వస్తాడు, అందులో ఉన్నదంతా తుడిచేసి ఉంచు.”

భర్త ఆ మాట అంటూనే మడతపెట్టిన బట్టల దొంతర మధ్యలోంచి తువ్వాలు లాగాడు. దొంతర ఒరిగి నేలపాలైంది. “సారీ” అంది ఆమె. అతను స్నానానికి వెళ్లిపోయాడు.

ఆమె మళ్లీ మొదటినుంచీ మడతలు మొదలుపెట్టింది. బడిలో ఐదు తరగతులకు నిలబడి లెక్కలు చెప్పి వచ్చిన కాళ్లు పీకుతున్నాయి. భోజనాల బల్ల మీద, బట్టల పక్కనే, పాత లాప్‌టాప్ తెరిచి ఉంది. రెండేళ్లుగా, కుక్కర్ కూతకూ కూతకూ మధ్య, ఆమె అందులో ఒక బుల్లి కంప్యూటర్ భాష కట్టుకుంది. దానికి తెలిసినవి మూడే మాటలు: ఉంచు, చూపు, మళ్లీ చెయ్యి. రాసిన వరుసల్ని పైనుంచి ఒక్కొక్కటే చదివి, చెప్పింది చేసిపెడుతుంది. ఎవరూ అడగలేదు, ఎవరికీ అవసరం లేదు. సరదాగా ఉండేది, అంతే. ఆ ‘అంతే’ ఇంట్లో ఎవరికీ చాలేది కాదు. “సర్టిఫికెట్టేమైనా ఇస్తారా అమ్మాయ్?” అనేవారు అత్తగారు. “మా ఆవిడ బొమ్మరిల్లు కడుతోంది” అని చుట్టాల ముందు భర్త. అందరితో పాటు తనూ నవ్వేది.

దాన్ని వాడింది ఒక్క అక్కే. అక్క టైలరు. కర్టెన్లకు గుడ్డ ఎంత పడుతుందో ఈ భాషలోనే రాసుకునేది. వెడల్పు చెప్పడం ప్రతిసారీ మరిచిపోయేది. వెంటనే తెర మీద, “క్షమించండి, నాకు అర్థం కాలేదు” అని వచ్చేది.

“తప్పు రాసింది నేనైతే ఇదెందుకే బతిమాలుకుంటుంది?” అని అక్క పడీపడీ నవ్వింది. “అచ్చం నీ పోలికే!”

అక్క పోయి ఐదు నెలలైంది. తుడిచేయమన్నదాంట్లో ఆ కర్టెన్లూ ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవచ్చు. ఎక్కించి ఎక్కడ తెరుస్తుంది? ఇంట్లో ఉన్న రెండో కంప్యూటరు భర్తది, దాని పాస్‌వర్డ్ అతనికే తెలుసు.

చివరిసారి చూద్దామని అక్క రాసినదాన్ని నడిపించింది. “క్షమించండి, నాకు అర్థం కాలేదు.”

అర్థం కాకేం? వెడల్పు లేదని దానికి తెలుసు. అలా చెప్పడం ఆమే నేర్పలేదు. తను రాసిందంతా వెతికి చూసింది. పదకొండు చోట్ల అదే క్షమాపణ. అన్నీ తన చేత్తో రాసినవే, రాస్తున్నప్పుడు ఒక్కటీ కంటపడలేదు. ఒక్కొక్కటే దిద్దింది. మళ్లీ నడిపించింది.

“నాలుగో వరుస: వెడల్పు ఎంతో మీరు చెప్పలేదు.”

అక్క వదిలేసిన ఆ ఖాళీని మాత్రం పూరించలేదు.

భర్త తల తుడుచుకుంటూ వచ్చాడు. “తుడిచేశావా?”

“లేదండీ. ఇది ఇవ్వను.”

“ఏంటీ?”

“ఇవ్వను. నాకు కావాలి.”

అలవాటైన మాటేదో ఇంకా రావాల్సి ఉన్నట్టు అతను అక్కడే నిలబడ్డాడు. ఆమె మడతపెట్టాల్సిన బట్టల్ని అతని వైపు జరిపి, లాప్‌టాప్‌ని దగ్గరికి లాక్కుంది.