ఎత్తున మొలిచిన చిలక్కొయ్య

వెర్నా లాఫ్లామ్ గొంతెత్తితే మూడు కొండల అవతల ఆవులు మేత మాని తల తిప్పేవి. ఇందులో అతిశయోక్తి గోరంత కూడా లేదు. బడి బస్సు నడిపే రోజుల్లో ఒకసారి ముందు చక్రం ఊడి వాగులోకి దొర్లిపోతే, మిగిలిన మూడు చక్రాల మీదే పిల్లల్ని గంట కొట్టకముందే దింపింది. అలాంటి మనిషిని ఊరు ఊరికే వదులుతుందా? వెర్మాంట్ రాష్ట్ర శాసనసభకు పంపింది.

మార్చి మొదటి మంగళవారం ఊరి సభ, ఎప్పటిలాగే బడి ఆటల హాల్లో. వెనక బల్లల మీద బెల్లం రంగులో ఉడికిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టెలు, డోనట్లు, వాటి పక్కనే ఊరేసిన దోసకాయ ముక్కలు సర్దుతున్నారు. వెర్నా లోపలికి వెళ్తూ పిల్లలు కోట్లు తగిలించుకునే గదిలోకి ఓ చూపు విసిరింది.

ఆ గది గోడకు ఏ వడ్రంగీ ఏనాడూ చిలక్కొయ్యలు కొట్టలేదు. చలికాలం చివర, కొండ మీద మేపుల్ చెట్లకు రసం దిగే రోజుల్లో వాటంతటవే మొలుస్తాయి. రాబోయే ఆకురాలు కాలంలో ఎందరు పిల్లలు బడికొస్తారో అన్ని, ఏ పిల్లకు అందే ఎత్తులో ఆ పిల్లకు. టీచరమ్మ వాటిని గుడ్డతో తుడిచి పేర్లు అంటిస్తుంది.

ఈ ఏడు రాష్ట్రం కొత్త చట్టం తెచ్చింది. ముప్పై మంది లేని బడికి నిధులు రావు. నిధులు రాకపోతే తాళమే. పసిపిల్లలు కొండ దాటి పై ఊరి బడికి బస్సులో పడి వెళ్ళాలి. ఊళ్ళో ఎవరెన్నిసార్లు లెక్కపెట్టినా ఒక పిల్ల తక్కువ. వెర్నా మాత్రం రాజధానిలో బల్ల గుద్ది, ముప్పై మంది ఉంటారు రాసుకోండి అని చెప్పొచ్చింది. చిలక్కొయ్యలు మొలిచాయా అని అక్కడి విద్యా సంఘం పెద్ద అడిగాడు. ఇంకా రసం దిగలేదంది. సరే, దిగాక చెప్పమన్నాడు.

ఇప్పుడు ముప్పయ్యోది మొలిచింది. కిటికీ పక్కన, గొడ్డలి కామంత లావున, నిలువెత్తు మగవాడి భుజం ఎత్తులో.

చెయ్యి వేసి చూడగానే అది ఎవరిదో వెర్నాకు తెలిసిపోయింది. అన్న లూసియన్‌ది. దుంగ పడి తండ్రి కాలు విరిగిన ఏడు లూసియన్ రెండో తరగతి. ఆ మర్నాటి నుంచి గుర్రాల పగ్గాలు వాడి చేతికొచ్చాయి, పలక చెల్లెలి చేతికి పోయింది. ఇప్పుడు డెబ్బై దాటాడు. ఎవరు ఏ కాగితం చూపించినా కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయానంటాడు. లోయ అవతలి చెట్టు మీద వాలింది మగ డేగో ఆడ డేగో చెప్పగల మనిషి. అన్నకు చదవడం రాదన్న సంగతి ఊళ్ళో ఒక్క వెర్నాకే తెలుసు.

చెబితే బడి బతుకుతుంది. నిండు సభలో అన్న పరువు పోతుంది.

ఆవిడ వేదికెక్కింది. వంతెన పని మే నెలలో మొదలవుతుందంది. అగ్నిమాపక బండికి కొత్త గొట్టం వచ్చిందంది. గ్రంథాలయం పాత పుస్తకాలు అమ్ముతోంది, చేతులూపుకుంటూ వెళ్ళకండి అంది. అప్పుడు బడి సంగతికొచ్చింది.

"ముప్పయ్యోది మొలిచింది. ఎవరిదో నేను చెప్పను. ఆ మాట వాళ్ళే చెప్పాలి."

హాలంతా కొత్తగా పెళ్ళయిన జంట వైపు తిరిగింది. వాళ్ళు మాకేం తెలీదని తలలడ్డంగా ఊపారు. అంత తొందరగా బడికి పంపేంత పిల్లని ఎక్కడ దాచారని వెనక నుంచి ఎవరో వేళాకోళం చేశారు. ఎంత ఎత్తులో మొలిచిందని ఇంకెవరో అడిగారు. ఏ ప్రశ్నకూ తడుముకోని వెర్నా గ్లాసెత్తి నీళ్ళు తాగింది.

లూసియన్ లేచి కోట్ల గదిలోకి వెళ్ళాడు. కాసేపటికి తిరిగొచ్చి నిలబడ్డాడు. ఆ సభలో ఏం మాట్లాడినా అధ్యక్షుడితోనే మాట్లాడాలి. అధ్యక్షుడు హార్లన్ పీస్లీ ఈ విషయంలో కన్నతల్లినైనా కూర్చోబెడతాడు.

"అధ్యక్షా, ఆ చట్టంలో వయసు రాసుందేమో మా చెల్లెల్ని అడగండి."

"వెర్నా, మీ అన్న వయసు సంగతి అడుగుతున్నాడు."

"లేదని చెప్పండి అధ్యక్షా. ఈ ఊళ్ళో ఉండాలి, చదువు పూర్తయి ఉండకూడదు. అంతే."

"రెండో తరగతిలో ఆగిపోతే పూర్తయినట్టేనా, అడగండి."

హార్లన్ అడగడం మరిచిపోయాడు.

"కాదన్నయ్యా," అంది వెర్నా నేరుగా. హార్లన్ చేతిలోని సుత్తి బల్ల మీద పడలేదు.

"అయితే అది నాదే." లూసియన్ హాలు మొత్తాన్ని కలియజూశాడు. "నాకు కళ్ళజోడు లేదు. ఎప్పుడూ లేదు."

ఎవరూ నవ్వలేదు. హార్లన్ బడి ఖర్చు ఓటుకు పెట్టాడు. ఊరంతా ఒక్క నోటితో సరేనన్న ఆ అరుపుకి కప్పు మీద శీతాకాలం మొత్తం పేరుకున్న మంచు ఒక్క ఊపున జారి, ఆరు ట్రక్కుల్ని కప్పేసింది. తవ్వితీయడానికి సాయంత్రం దాకా పట్టింది.

అక్టోబరులో ఊరి పత్రికలో వెర్నా నివేదిక అచ్చయింది. నిధులు వచ్చాయని, వంతెన పూర్తయిందని, చర్చిలో కోడిమాంసం విందు ఉందని. పత్రిక గడప తొక్కిన మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది.

"నువ్వు రాసింది చదివాను," అన్నాడు లూసియన్. "నిన్న దూడలకు పాలు పట్టాక మొదలెట్టా. ఇప్పుడయింది."

"ఎలా ఉంది?"

"గొప్పలెక్కువ. పైగా విందు శనివారమని రాశావు. ఆదివారం. చర్చి తలుపు మీద అంటించారు, వెళ్ళి చదివొచ్చాను."

ఎన్నికల్లో ఎంతమంది ఎన్ని తప్పులు పట్టినా ఒక్కటీ ఒప్పుకోని మనిషి వెర్నా. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"దిద్దుకుంటానన్నయ్యా. ఇంకెన్ని తప్పులున్నాయో ఏమో, మొత్తం ఒకసారి చదివి వినిపించు."

అవతల కాగితం సర్దిన చప్పుడైంది. లూసియన్ మొదటి మాట నుంచి మొదలుపెట్టాడు.